తిరిగి అప్పజెప్పిన మాట

చిన్నతల్లి చెవులు మంచివి. ఇది ఎవరో ముచ్చటపడి అన్న మాట కాదు, రైల్వే డాక్టరు కాగితం మీద రాసి సంతకం పెట్టిన సంగతి. గేటు డ్యూటీ చేసేవాళ్ళకి కొన్నేళ్ళకోసారి కళ్ళూ చెవులూ పరీక్ష చేస్తారు. కళ్ళకి యాభై దాటగానే అద్దాలు రాసిచ్చారు గానీ, చెవుల దగ్గర మాత్రం ప్రతిసారీ ఒకటే మాట: ఏ లోపమూ లేదు. ఆ కాగితాన్ని ఆమె దేవుడి పటం వెనక దాచుకుంది. అంత మంచి చెవులు ఈ ఏడు ఎండాకాలంలో, పట్టపగలు, బిలాస్‌పూర్ తెలిపారా రోడ్డు మీద ఆమెను నిలువునా ముంచబోయాయి. చెవులు ముంచాయో, అవి సరిగానే విన్నా బుర్ర తప్పు చెప్పిందో, ఇప్పటికీ ఆమెకు తేలలేదు.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోనే, ఛత్తీస్‌గఢ్ గడ్డ మీదే పుట్టింది, అక్కడే పెరిగింది, అక్కడే పెళ్ళాడింది. తాత పలాస దగ్గర నుంచి లైను పనికి వచ్చాడు. తండ్రి శంకరరావు స్టేషనులో పాయింట్లు మార్చే పని చేసి రిటైరయ్యాడు. భర్త పట్టాల మీద నడిచి చీలలు బిగించే కీమాన్, కామెర్లు ముదిరి పోయాడు. ఆయన పోయాక ఆమెకు ఊరి చివర లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర ఉద్యోగం ఇచ్చారు. పద్దెనిమిదేళ్ళుగా ఆ గేటు వేస్తోంది, తీస్తోంది. కాలేజీలో చదివే కూతురు తనూజ, రెండు గదుల క్వార్టరు, ఒక పాత స్కూటీ. ఇంతే ఆమె సంసారం.

భాషల విషయంలో మాత్రం ఆమెది పెద్ద సంసారమే. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, కూరగాయలవాళ్ళతో ఛత్తీస్‌గఢీ, గేటు ఫోనులో ఇంగ్లీషు ముక్కలు. నాలుగు భాషలు వచ్చని మురవడమే గానీ నాలుగింటిలోనూ అద్దెకున్న మనిషే. పలాసలో పెళ్ళికి వెళ్తే, "ఓలమ్మ, దీని మాట సూడండే, హిందీదాన్లాగుంది," అని చుట్టాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటారు. ఇక్కడేమో మూడు తరాలు గడిచినా 'ఆంధ్రావాలీ'యే. వేరే ఎందుకు, పంచదార ఒక్కటి చాలు ఆమె అవస్థ చెప్పడానికి. అమ్మ నేర్పిన మాట పంచదార. గోల్ బజార్ కిరాణా కొట్టులో అది శక్కర్. కాలనీలో చదువుకున్నవాళ్ళ నోట చీనీ. ఆస్పత్రికి వెళ్ళి షుగర్ అంటే అది తినే వస్తువే కాదు, జబ్బు. ఇక శక్కర్‌లో ఒక్క అక్షరం మారిస్తే చక్కర్. చక్కర్ వచ్చిందంటే హిందీలో తల తిరిగి పడబోతున్నాడని అర్థం. ఇన్ని మాటల మధ్య ఒక మనిషి బుర్ర నిలకడగా ఉండాలంటే ఎట్లా ఉంటుంది?

నిలకడగా ఉండటానికి తండ్రి ఒక ఉపాయం చెప్పాడు. ఉపాయం ఆయనది కూడా కాదు, రైల్వేది. బండి వస్తోందని స్టేషన్ మాస్టరు గేటుకి ఫోను చేస్తాడు. గేటు దగ్గరున్నవాళ్ళు "సరే" అనకూడదు. ఆయన చెప్పిన మాటను ఉన్నదున్నట్టు తిరిగి అప్పజెప్పాలి. ఆయన విని, అవునన్న తర్వాత, ఆయనొక నంబరు ఇస్తాడు, వీళ్ళొక నంబరు ఇస్తారు, రెండూ పుస్తకంలో రాసుకుంటారు. అప్పుడు గాని ఆ మాట చేరినట్టు కాదు. ఉద్యోగంలో చేరిన రోజున శంకరరావు కూతురికి స్వీటు పెట్టలేదు, దీవెన ఇవ్వలేదు, ఈ ఒక్క ముక్క చెప్పాడు. "ఇన్నానని తలూపీడం కాదమ్మా. ఏటన్నాడో తిరిగి సెప్పాల. ఆడు అవునంటేనే అది మాట. నేకపోతే గాలి."

ఆమె దాన్ని ఎంత గట్టిగా పట్టుకుందంటే, కూతురు ఉప్పు తెమ్మన్నా "ఉప్పు, అరకేజీ, అంతేనా?" అని అడిగి కదులుతుంది. తనూజకి ఒళ్ళు మండుతుంది. "మమ్మీ, మై స్టేషన్ మాస్టర్ నహీ హూఁ!" నేనేమన్నా స్టేషన్ మాస్టర్నా అని విసుక్కుంటుంది.

ఆ రోజు డ్యూటీ రెండింటికి. గోల్ బజార్‌లో మిక్సీ జారుకి బ్లేడు మార్పించుకుని, జారును స్కూటీ కొక్కేనికి తగిలించుకుని తెలిపారా మీదుగా వస్తోంది. ఒంటిగంటన్నర దాటింది. రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకుంటోంది. మూసేసిన ఒక బట్టలకొట్టు ముందు, వేపచెట్టు నీడలో నలుగురు గుమిగూడి ఉన్నారు. వాళ్ళ కాళ్ళ మధ్య నుంచి మెట్టు మీద కూలబడ్డ మనిషి కనిపించాడు. ముప్పయ్యయిదు, నలభై మధ్య వయసు, ఇస్త్రీ చొక్కా, మెడలో ఆఫీసు కార్డు తాడు.

"పీకే పడా హై," అన్నాడు టోపీ పెట్టుకున్న ఒకాయన. తాగి పడ్డాడట. మరొకాయన నవ్వాడు.

చిన్నతల్లి దాటిపోయింది. తాగుబోతుల్ని గేటు దగ్గర రోజూ చూస్తుంది, వాళ్ళ మీద ఆమెకు జాలి లేదు. కానీ ఇరవై గజాలు పోయాక బ్రేకు వేసింది. వెళ్ళే బండిలో ఏదైనా వేలాడుతోందా, ఎక్కడైనా పొగ వస్తోందా అని చివరి డబ్బా దాకా చూడటం ఆమె ఉద్యోగం. కళ్ళు వద్దన్నా చూస్తాయి. ఆ మనిషి బండి స్టాండు వేసి ఉంది. హెల్మెట్టు అద్దానికి తగిలించి ఉంది. తాళం బండికి లేదు, అతని చేతిలో ఉంది. నీడలో కూర్చున్నవాడి చొక్కా వానలో తడిసినట్టు ఒంటికి అతుక్కుపోయి ఉంది. "తాగినోడు స్టాండు వేస్తాడేటి?" అని తనలో తనే అనుకుని వెనక్కి తిప్పింది.

దగ్గరకు వెళ్ళి వంగి వాసన చూసింది. మందు వాసన లేదు. మొహం పాలిపోయింది, చేతులు వణుకుతున్నాయి, కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఎటో చూస్తున్నాయి.

"క్యా హువా భయ్యా?"

అతని పెదాలు కదిలాయి. "చక్కర్..."

అంతే, ఆమెకు సందేహం తీరిపోయింది. ఇంత ఎండలో ఎవరికి రాదు చక్కర్? లేచి నిలబడి, గేటు దగ్గర లారీలను ఆపే గొంతుతో అరిచింది. "చక్కర్ ఆయా హై! దూర్ హటో, హవా ఆనే దో!" గాలి ఆడనివ్వమని చెయ్యి అడ్డం చాపింది. గేటు వేసిన చెయ్యి అది. జనం వెనక్కి జరిగారు. తాగాడన్న ఆయన కూడా జరిగి, "అచ్ఛా, చక్కర్ హై," అని పక్కవాడికి ఆ కబురు చేరవేశాడు. ఎదురుగా చెరుకురసం బండివాడు, "కా హోగే దాయీ? చక్కర్ ఆగే కా?" ఏమైందమ్మా, చక్కర్ వచ్చిందా అని తన ఛత్తీస్‌గఢీలో అడిగి, అతనూ అదే ఖాయం చేసుకున్నాడు. చిన్నతల్లి ఒక్కసారి పలికిన మాట ఐదు నిమిషాల్లో ఆ వీధంతా పాకింది.

అతన్ని మెట్టు మీద పడుకోబెట్టింది. కాళ్ళ కింద తన సంచీ పెట్టి ఎత్తు చేసింది. సీసాలో నీళ్ళు మొహం మీద చల్లింది, మెడ తుడిచింది, చున్నీ కొసతో విసిరింది. టోపీ ఆయన చేత అంబులెన్సుకి ఫోను చేయించింది. వస్తున్నామన్నారు, ట్రాఫిక్కు ఉందన్నారు. అన్నీ సక్రమంగానే చేస్తున్నానని ఆమెకు నమ్మకం. ఆ నమ్మకమే తప్పు.

ఎందుకంటే అతను అడుగుతూనే ఉన్నాడు. "చక్కర్... చక్కర్..." అతను అన్నప్పుడల్లా తగ్గిపోతుందని ఆమె ఓదారుస్తోంది. "హాఁ భయ్యా, చక్కర్ హై. ఠీక్ హో జాయేగా. హాఁ, హాఁ." అతని మాట ముద్దముద్దగా అవుతోంది. చెయ్యి లేపి ఆమె ముంజేయి పట్టుకోబోయాడు, పట్టు చిక్కలేదు. నీళ్ళు చల్లుతుంటే మొహం తిప్పుకున్నాడు. ఇదేమిటి, చక్కర్ వచ్చినవాడు నీళ్ళకి మొహం ఇవ్వాలి గదా, తిప్పుకుంటాడేమిటి? చెమట ఆగడం లేదు. ఆమెకు ఎక్కడో ఏదో పొసగలేదు. బండి వెళ్ళిపోయాక కూడా గేటు ఫోను మోగుతుంటే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

ఏడోసారో ఎనిమిదోసారో అతను అదే మాట అన్నప్పుడు ఆమె నోట "హాఁ" రాలేదు. ఇందాకట్నుంచీ తను "హాఁ, హాఁ" అని తలూపుతోందే గానీ, ఒక్కసారైనా అతను అన్నది అతనికి తిరిగి అప్పజెప్పి అవుననిపించుకుందా? లేదు. కూతురు చెప్పే అరకేజీ ఉప్పుకి ఉన్న మర్యాద ఈ మనిషి ప్రాణానికి ఇవ్వలేదు.

వంగి, చెవి అతని నోటి దగ్గర పెట్టి, ఫోనులో అడిగినట్టు నిదానంగా అడిగింది. "చక్కర్? చక్కర్ బోలా ఆప్‌నే?"

అతను తల అటూ ఇటూ కదిపాడు. పెదాలు తడుపుకుని, గట్టిగా కూడదీసుకుని అన్నాడు. "కాదు."

కాదు! ఆమె బుర్రలో ఎవరో లైటు వేసి మళ్ళీ తీసేసినట్టయింది. కాదు అన్నది హిందీ కాదు. ఇతను తెలుగువాడు. మరి తెలుగువాడు చక్కర్ ఎందుకంటాడు? తల తిరుగుతోంది అనాలి కదా?

"ఏటి బాబూ? మనోడివేనేటి? ఏటి కావాల? మల్లీ సెప్పు."

"చక్కెర," అన్నాడు అతను. చివర అక్షరం ఈసారి వినిపించింది.

చిన్నతల్లి అది అందుకుంది గానీ ఎక్కడ పెట్టాలో తెలియలేదు. చక్కెర అన్న మాట ఆమె ఇంట్లో లేదు. ఉన్నదల్లా చక్కెరకేళి. చిన్నప్పుడు పలాస వెళ్తే నాయనమ్మ అసిరమ్మ గెల నుంచి తుంచి ఇచ్చేది, పొట్టిగా బొద్దుగా ఉండే అరటిపండు. ఈ మనిషి ఇంత దుస్థితిలో అరటిపండు అడుగుతున్నాడా? అదీ ఈ ఊళ్ళో ఎక్కడా దొరకని రకం? ఎంత పిచ్చి ప్రశ్నయినా అడగడమే పద్ధతి.

"చక్కెరకేళియా? అరటిపండా బాబూ?"

అతను ఆమెను చూశాడు. అంత నీరసంలోనూ ఆ చూపులో 'ఇదెక్కడి ఖర్మరా దేవుడా' అన్నది స్పష్టంగా ఉంది. మాట పెగల్లేదు. కళ్ళు వాలిపోతున్నాయి.

ఆమె అతని చెంప తట్టింది. ఏటది, ఏటది? అసిరమ్మ ఏమనేది? ఆ పండు తొక్క ఒలుస్తూ ఒక మాట అనేది. ఎందుకే మామ్మా దీనికి ఆ పేరని అడిగితే... "పంచదారలాగుంటాది గదే గుంటా, అందుకని."

"పంచదార!" అని అరిచింది. "పంచదారా బాబూ? శక్కర్? షుగర్? పంచదార కావాలేటి?"

ఎన్ని పేర్లు తెలుసో అన్నీ అప్పజెప్పింది. అతను కళ్ళు మూసుకునే, గడ్డం రెండుసార్లు కిందికి దించాడు. "ఆఁ," అన్నాడు.

మాట చేరింది. ఆమె చెరుకురసం బండి దగ్గరకు పరిగెత్తింది. రసంవాడు గ్లాసు నింపి అందించబోతుండగా వెనక నుంచి కేక వినిపించింది. కళ్ళజోడు పెద్దాయన ఒకరు అతని బ్యాగు వెతికి, పెన్నులాంటి ఇన్సులిన్ సూది పైకెత్తి అందరికీ చూపిస్తున్నాడు. "షుగర్ పేషెంట్ హై! మీఠా మత్ దేనా, మర్ జాయేగా!"

రసంవాడు గ్లాసు వెనక్కి లాక్కున్నాడు. షుగర్ జబ్బు మనిషికి తీపి ఇచ్చి చంపుతావా దాయీ, తర్వాత నా మీదికి వస్తుంది, నా పొట్ట కొట్టకు అని దణ్ణం పెట్టాడు. తప్పు పట్టడానికి లేదు. ఆమె తండ్రికీ షుగరే. మైసూర్‌పాక్ ముక్క కోసం ఆయన చేయి చాస్తే ఆ చేతి మీద కొట్టింది ఈమే. షుగర్ ఉన్నవాళ్ళకి పంచదార విషం. ఇది కాలనీలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. మరి ఆ జబ్బు మనిషే పంచదార అడుగుతుంటే ఏమనుకోవాలి? మతి తప్పి అడుగుతున్నాడా? తను మళ్ళీ తప్పు విన్నదా? ఇందాకా ఇంతే నమ్మకంగా చక్కర్ అని చాటింపు వేసింది కదా.

అటు చూస్తే అతను. ఇటు చూస్తే జనం. ఇచ్చాక పోతే పోలీసులు, ఉద్యోగం, తనూజ. ఇవ్వకపోయినా పోతే? ఎవరూ ఏమీ అనరు. అంబులెన్సు ఆలస్యమైందంటారు. ఆ దారి ఎంత సుఖంగా ఉందో చూసి ఆమెకు తన మీద తనకే భయం వేసింది.

బుర్రకి ఏమీ తోచనప్పుడు చేతులు అలవాటైన పని చేస్తాయి. అతను చెప్పాడు. తను తిరిగి అప్పజెప్పింది. అతను అవునన్నాడు. ఫోనులో ఇంత జరిగితే గేటు వెయ్యాలా వద్దా అని ఎవరైనా ఆలోచిస్తారా?

పక్కనే టీ కొట్టు. పంచదార డబ్బా బల్ల మీదే ఉంది. అడగలేదు, ఆడదాన్ని ఆపే ధైర్యం టీకొట్టువాడికి రాకముందే రెండు పిడికిళ్ళు తీసింది. కొక్కేనికి వేలాడుతున్న మిక్సీ జారులో వేసి, సీసాలో మిగిలిన నీళ్ళు పోసి, మూత పెట్టి గిలకరించింది. కొత్త బ్లేడు గలగలలాడింది. కళ్ళజోడు పెద్దాయన అడ్డం వచ్చి, "బహన్‌జీ, ఆప్ డాక్టర్ హై క్యా?" అన్నాడు. "నాను గేటుమనిసిని, జరగండి," అని తెలుగులోనే కసిరింది. ఆయనకు ఏం అర్థమైందో గానీ జరిగాడు.

అతన్ని లేపి తన భుజానికి ఆనించి కూర్చోబెట్టింది. "బాబూ, పంచదార నీల్లు. మింగగలవేటి? మింగు." మూతతో కొంచెం పట్టింది. గొంతు కదిలింది. మళ్ళీ కొంచెం. సగం చొక్కా మీద పడింది, సగం లోపలికి వెళ్ళింది. జారు అడుగంటేదాకా పట్టింది. ఏమీ కాలేదు.

ఏమీ కాకపోవడం ఎంత భయంగా ఉంటుందో ఆమెకు అప్పుడే తెలిసింది. అతను బాగుపడటమూ లేదు, పోవడమూ లేదు. కళ్ళజోడు పెద్దాయన వాచీ చూసుకుంటున్నాడు. ఆమెకు తెలిసిన దేవుళ్ళందరూ గుర్తొచ్చారు గానీ ఎవర్ని ఏ భాషలో పిలవాలో తోచలేదు.

అయిదారు నిమిషాలకి అతని వణుకు తగ్గింది. తర్వాత కళ్ళు తెరిచి, చుట్టూ చూసి, చాలా మామూలు గొంతుతో అడిగాడు. "నా బండి తాళం ఎక్కడుంది?"

చిన్నతల్లికి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో చెప్పడం కష్టం. రెండూ కలిసి ముక్కులోంచి వచ్చాయి. "నీ సేతిలోనే ఉంది నాయినా," అంది.

అంబులెన్సు వచ్చింది. అందులోంచి దిగిన కుర్రాడు వేలు పొడిచి చిన్న మిషనులో చూశాడు. షుగర్ ఇంకా తక్కువగానే ఉంది, ఇందాక ఇంకెంత పడిపోయి ఉంటుందో అన్నాడు. ఇన్సులిన్ వేసుకుని భోజనం ఆలస్యం చేస్తే ఇట్లాగే అవుతుందట, అప్పుడు తీపే మందట. "మీఠా కిస్‌నే దియా?" తీపి ఎవరిచ్చారని అడిగాడు. వీధిలో ఉన్న వేళ్ళన్నీ ఆమె వైపు తిరిగాయి. ఆమె నేరస్థురాలిలా మిక్సీ జారు పట్టుకుని నిలబడింది.

"అచ్ఛా కియా," మంచి పని చేశావన్నాడు కుర్రాడు. ఆ వెంటనే కాగితం మీద రాసుకుంటూ, "కిత్నీ దేర్ సే గిరా థా?" అన్నాడు. ఎంతసేపైంది పడి?

"బీస్ మినట్."

"ఔర్ మీఠా కబ్ దియా?"

"దస్ మినట్ బాద్." పడిన పది నిమిషాల తర్వాత ఇచ్చానంది. మొదటి పది నిమిషాలు ఏం చేశారని కుర్రాడు అడగలేదు. అడిగితే బాగుండేది. ఇంకో పది నిమిషాలైతే చేతులెత్తేయాల్సిందే అని మాత్రం అని, తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి డ్యూటీకి ముప్పావుగంట ఆలస్యంగా వెళ్ళింది. ఉదయం డ్యూటీ రమణబాబు గేటుగది ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు. "ఏటయిపోనావు సిన్నతల్లీ? నాను తిండీ తిప్పలూ మానీసి ఈడే ఉండాలా?"

ఆమె జరిగింది చెప్పింది. అంతా విని అతను, "మనోళ్ళేనేటి?" అన్నాడు.

"మనోళ్ళే. కానీ వేరే మనోళ్ళు. అంబులెన్సెక్కతా సెప్పినాడు, బొగ్గు ఆఫీసులో పనట. కరీంనగరమట."

"ఏటడిగినాడన్నావు?"

"చక్కెర."

"చక్కర్ వచ్చినోడు చక్కరే గదా అంటాడు?" అన్నాడు రమణబాబు, డబ్బా సర్దుకుంటూ. ఆ మాటకి ఆమెకు కాస్త ప్రాణం లేచి వచ్చింది. తను ఒక్కతే కాదన్నమాట. కానీ ఆ ఊరట గేటు రెండుసార్లు వేసి తీసేలోపు అయిపోయింది. ఇద్దరు తప్పు వింటే అది ఒప్పు అవుతుందా?

మర్నాడు పొద్దున్న తనూజ టీ పెడుతోంది. వంటగది గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్న చిన్నతల్లి, నిన్నటి నుంచీ నోట్లో తిప్పుకుంటున్న మాటను ఒకసారి బయట వాడి చూద్దామనుకుంది. "తనూజా, ఇంకొంచెం చక్కెర," అంది.

తనూజ గరిటె పడేసి వచ్చింది. "చక్కర్? కబ్ సే? మమ్మీ, లేటో, లేటో పహలే! బీపీ గోలీ ఏసుకున్నావా నేదా?" అంటూ, ముందు పడుకోమని తల్లి భుజాలు పట్టుకుని వంచేసి, చెంబులో నీళ్ళు మొహాన కొట్టింది.

నీళ్ళు ముక్కులోకి వెళ్ళాయి. చిన్నతల్లి ముందు నవ్వింది. నవ్వుతూ "నేదే, నేదే, పంచదార" అనబోయి, నోరు తెరిచేలోగా మళ్ళీ నీళ్ళు పడ్డాయి. అప్పుడు ఆమెకు తెలిసింది. కావలసింది అడుగుతుంటే మొహాన నీళ్ళు పడటం ఎట్లా ఉంటుందో, అడిగిన కొద్దీ ఎదుటి మనిషి ప్రేమగా "హాఁ, హాఁ" అనడం ఎట్లా ఉంటుందో. ఆమె కూతుర్ని గట్టిగా పట్టుకుని ఏడ్చింది. తనూజ నిజంగానే భయపడిపోయి, టీ పొంగి పోతున్నా చూసుకోలేదు.

ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకి గేటుగది ముందు కారు ఆగింది. దిగింది అతనే. పేరు ఓంకార్. పక్కన భార్య భవిత. రోజూ ఈ గేటు దాటే టీకొట్టువాడు ఆనవాలు చెప్పాడట, మిక్సీ జారు మనిషి రైల్వే గేటుమనిషేనని. భవిత వస్తూనే ఆమె కాళ్ళకి వంగింది. చిన్నతల్లి ఎగిరి పక్కకి జరిగింది.

"ఈమెనే," అన్నాడు ఓంకార్ భార్యతో. "అక్కడ అందరు తాగిండనుకున్నరు. నేను చక్కెర అన్న. ఎవ్వలికీ సమజ్ కాలే. ఈ అమ్మ మాత్రం మొదటి మాటకే సమజ్ చేసుకున్నది. తెలుగు మనిషి గద, మన మాట మనకే తెలుస్తది." అతని కళ్ళల్లో నీళ్ళు ఉన్నాయి.

చిన్నతల్లికి అర్థమైంది. అతనికి మొదటి పది నిమిషాలు గుర్తులేవు. నీళ్ళు గుర్తులేవు, మొహం తిప్పుకోవడం గుర్తులేదు, చక్కెరకేళి గుర్తులేదు. ఆ పది నిమిషాలు ఇప్పుడు లోకంలో ఆమె ఒక్కదాని దగ్గరే ఉన్నాయి. ఊరుకుంటే సరిపోతుంది. వాళ్ళు సంతోషంగా ఇంటికి పోతారు. సంతోషంగా ఉన్నవాళ్ళ దగ్గర ఎందుకీ గొడవ? చెప్పకపోతే అబద్ధమాడినట్టా? చెప్తే ఆ ఆడమనిషి మొహం ఏమవుతుంది? ఎటూ తేలక ఆమె చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

లోపల ఫోను మోగింది. ఆమె వెళ్ళి ఎత్తింది. స్టేషన్ మాస్టరు గొంతు బయటికి వినిపించింది. ఆమె నిటారుగా నిలబడి ఒక్కో మాటా తిరిగి చెప్పింది: ఏ బండి, ఎటు నుంచి, గేటు బంద్. నంబరు విన్నది, నంబరు చెప్పింది, పుస్తకంలో రాసింది. హ్యాండిలు తిప్పి గేటు వేసింది. గూడ్సు బండి బొగ్గుతో వెళ్తుంటే చివరి డబ్బా దాకా చూసి, పచ్చజెండా చుట్టి, గేటు తీసి, వచ్చింది. భార్యాభర్తలు కళ్ళప్పగించి చూస్తున్నారు.

"బాబూ," అంది ఆమె. ఇప్పుడు గొంతులో తడబాటు లేదు. "నువ్వు సెప్పింది తప్పు. నాను మొదటి మాటకి ఇననేదు. నువ్వు చక్కెరంటే నాను చక్కర్ అనుకున్నాను. పది నిమిషాలు నీ మొకాన నీల్లు కొట్టినాను. నువ్వు అడగతానే ఉన్నావు, నాను హాఁ హాఁ అంతానే ఉన్నాను. ఈదిలో జనానికి చక్కర్ అని సెప్పింది కూడా నానే. తెలుగుదాన్నయ్యుండి నాకే తెలీనేదు."

భవిత మొహం తెల్లబోయింది. ఓంకార్ తలూపాడు.

"తిరిగి సెప్పు బాబూ," అంది చిన్నతల్లి. "తలూపితే సరిపోదు. ఏటిన్నావో తిరిగి సెప్పు."

అతను ఫోను వైపు చూశాడు, పుస్తకం వైపు చూశాడు. అర్థమైంది కాబోలు, బడిపిల్లవాడిలా చేతులు కట్టుకున్నాడు.

"మీరు మొదలు తప్పు విన్నరు," అన్నాడు. "పది నిమిషాలు నీళ్ళు కొట్టిన్రు. అందరికీ చక్కర్ అని చెప్పింది మీరే." అక్కడ ఆగాడు. "తర్వాత మీరు మళ్ళ అడిగిన్రు."

ఆ చివరి ముక్క ఆమె చెప్పింది కాదు. చెప్పిన మాటకు ఒక్క ముక్క కలిపినా తప్పే, మొదటి నుంచీ మళ్ళీ చెప్పించాలి, పద్ధతి అది. చిన్నతల్లి నోరు తెరిచింది. కానీ చెప్పించలేదు. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి, తప్పుగా అప్పజెప్పిన మాటకు ఆమె తలూపి ఊరుకుంది.